మిక్కీ పొరుగున సిపాయి విడిది

డిస్నీ వరల్డ్ నడిమధ్య అమెరికా సైన్యానికి సొంత హోటల్ ఉంది. అక్కడ అద్దె గదిని బట్టే కాదు, హోదాను బట్టి కూడా

ఫ్లోరిడాలో ఓర్లాండో నగరం దాటి నైరుతి దిక్కుగా కాసేపు ప్రయాణిస్తే రోడ్డు పక్క బోర్డుల మీద ఊళ్ల పేర్లు తగ్గిపోయి కోటలు, రాజ్యాలు మొదలవుతాయి. దాదాపు 100 చదరపు కిలోమీటర్ల వాల్ట్ డిస్నీ వరల్డ్ అది. నాలుగు థీమ్ పార్కులు, రెండు వాటర్ పార్కులు, పాతికకు పైగా హోటళ్లు. తెలుగువాళ్లకూ ఇది తెలియని చోటేమీ కాదు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ఆర్నెల్లకని వెళ్లిన తల్లిదండ్రుల ఫొటోల్లో నయాగరా జలపాతం తర్వాత తప్పనిసరిగా కనిపించేది ఇక్కడి సిండరెల్లా కోటే.

ఇంత విశాలమైన ఆవరణలో ఒక గేటు దగ్గర మాత్రం కాపలాదారు కారును ఆపి గుర్తింపు కార్డు అడుగుతాడు. క్రెడిట్ కార్డు కాదు, సైనిక గుర్తింపు కార్డు. రెండు గోల్ఫ్ మైదానాల మధ్య, చెట్ల వెనక ఒదిగి ఉన్న ఆ హోటల్ పేరు షేడ్స్ ఆఫ్ గ్రీన్. యజమాని అమెరికా సైన్యం. పేరులోని పచ్చదనం గోల్ఫ్ గడ్డిది కాదు, సైనిక దుస్తులది. ఏ దళం వాళ్లదైనా యూనిఫాంలో ఏదో ఒక ఛాయ ఆకుపచ్చ ఉంటుందని, ఆ దుస్తులు విప్పి సేదదీరే చోటు ఇదని దాని అర్థం.

దీని చరిత్ర ఆసక్తికరం. 1973 డిసెంబర్‌లో డిస్నీ సంస్థ గోల్ఫ్ ఆటగాళ్ల కోసం కట్టిన చిన్న హోటల్ ఇది. అనుకున్నంతగా నడవలేదు. 1986లో పేరు మార్చి డిస్నీ ఇన్ అన్నారు. అదే సమయంలో అట్లాంటిక్‌కు అవతల మరో మార్పు జరుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలోని బవేరియా కొండల్లో అమెరికా సైన్యం తన జవాన్ల కోసం విశ్రాంతి కేంద్రాలు ఏర్పాటు చేసింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగియడంతో జర్మనీలోని బలగాలు స్వదేశం దారి పట్టాయి. తిరిగి వచ్చినవారికి సొంత గడ్డ మీద అలాంటి విడిది లేదు. 1994 ఫిబ్రవరిలో సైన్యం డిస్నీ ఇన్‌ను అద్దెకు తీసుకుంది. రెండేళ్లకు, 1996లో 4.3 కోట్ల డాలర్లకు కొనేసింది. భవనం సైన్యానిది. కింద నేల మాత్రం డిస్నీదే, వందేళ్ల లీజు మీద.

ఈ డబ్బు అమెరికా కాంగ్రెస్ కేటాయించే రక్షణ బడ్జెట్‌లోది కాదు. సైనిక స్థావరాల్లోని దుకాణాలు, వినోద కేంద్రాలు, హోటళ్లు సంపాదించుకునే నిధిలోంచి వచ్చింది. ఇప్పటికీ హోటల్ తన ఖర్చు తానే రాబట్టుకుంటుంది. హోనలులులోని హాలే కోవా, సియోల్‌లోని డ్రాగన్ హిల్ లాడ్జ్, బవేరియాలోని ఎడెల్వైస్ లాడ్జ్ ఇదే పద్ధతిలో నడిచే తోబుట్టువులు. మన దగ్గర సీఎస్‌డీ క్యాంటీన్ లాభాల్లోంచి సైనిక సంక్షేమానికి డబ్బు వెళ్లడం తెలిసినవారికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. షేడ్స్ ఆఫ్ గ్రీన్‌లోనూ అలాంటి దుకాణం ఒకటుంది. పన్ను లేకుండా పాలు, బ్రెడ్డు, పసిపిల్లల డైపర్లు అక్కడే కొనుక్కోవచ్చు.

అసలు విశేషం అద్దెలో ఉంది. ఒకే గదికి అందరూ ఒకే ధర చెల్లించరు. కింది స్థాయి జవానుకు అతి తక్కువ, సీనియర్ సార్జెంట్లకు, జూనియర్ అధికారులకు కాస్త ఎక్కువ, పై అధికారులకు, రక్షణ శాఖలోని సివిల్ ఉద్యోగులకు ఇంకా ఎక్కువ. హోటల్ గదికి పర్యాటకుడి నుంచి ఈ జిల్లాలో వసూలు చేసే పన్ను 12.5 శాతం. ఇక్కడ అదీ లేదు. గదులు ఇరుకైనవేమీ కాదు, డిస్నీ ఆవరణలోని మామూలు హోటల్ గదులతో పోలిస్తే పెద్దవే. రెండు పెద్ద మంచాలు, ఒక సోఫా, చిన్న ఫ్రిజ్. ఐదుగురు సర్దుకోవచ్చు. ముగ్గురు పిల్లలున్న సార్జెంటు రెండు గదులు తీసుకోనక్కర్లేదంటే అది చిన్న ఊరట కాదు.

సైన్యం అంటేనే అంతరాల వ్యవస్థ. మన కంటోన్మెంట్లలో అధికారుల మెస్ వేరు, జేసీవోల మెస్ వేరు, జవాన్ల లంగర్ వేరు. అమెరికా స్థావరాల్లోనూ నివాస గృహాలు హోదాల వారీగానే ఉంటాయి. షేడ్స్ ఆఫ్ గ్రీన్ ఆ అంతరాన్ని బిల్లు దగ్గర ఒప్పుకుంటుంది, అదీ తిరగేసి. పెద్ద హోదా అంటే ఇక్కడ పెద్ద బిల్లు. బిల్లు కట్టేశాక ఈతకొలను ఒకటే, బస్సు ఒకటే, ఉదయం ఫలహారానికి వరుస ఒకటే. నిక్కరు, టీ షర్టుల్లో కర్నల్ ఎవరో కార్పొరల్ ఎవరో చూడగానే చెప్పడం కష్టం. చేతిలో ప్లేటు పట్టుకుని పిల్లవాడి వెంట పరుగెత్తుతున్న తండ్రికి సెల్యూట్ చేయాలా వద్దా అనే సందేహం ఎవరికీ రాదు.

గది దొరికినంత మాత్రాన పార్కు దొరికినట్టు కాదు. 1971 అక్టోబర్ 1న డిస్నీ వరల్డ్ తలుపులు తెరిచినప్పుడు పెద్దలకు ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. ఆటలకు వేరే టికెట్లు కొనాలి. 2025లో ఒక్క రోజు ప్రవేశానికి మామూలు రోజుల్లో 119 డాలర్ల నుంచి మొదలై, క్రిస్మస్ రద్దీలో మ్యాజిక్ కింగ్‌డమ్‌కు 199 డాలర్ల వరకూ వసూలు చేశారు. మూడేళ్లు దాటిన ప్రతి పిల్లకూ టికెట్ ఉండాల్సిందే. నలుగురి కుటుంబం ఆ రద్దీ రోజున గేటు దాటడానికే దాదాపు 800 డాలర్లు. 2025 ఏప్రిల్‌లో పెంచిన తర్వాత కూడా కొత్తగా చేరిన జవానుకు నెల మూలవేతనం 2,319 డాలర్లుగా ఉండేది. భార్యాపిల్లలు ఏర్పడే సమయానికి, అంటే కార్పొరల్ స్థాయికి వచ్చేసరికి, అది 3 వేలు దాటుతుంది. ఇంటి అద్దె భత్యం వేరు. అయినా రక్షణ శాఖ తానే జరిపిన సర్వేలో, ఉద్యోగంలో ఉన్న సైనికుల్లో దాదాపు నాలుగో వంతు మంది తిండి ఖర్చుకు ఏదో ఒక దశలో ఇబ్బంది పడుతున్నట్టు తేలింది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ రక్షణ బడ్జెట్ ఉన్న దేశం సంగతి ఇది. అలాంటి ఇంట్లో పిల్లవాడు మిక్కీని చూడాలంటే రాయితీ అనేది సరదా కాదు, షరతు.

ఆ రాయితీకీ ఒక కథ ఉంది. 2009 జనవరిలో డిస్నీ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ సెల్యూట్ అనే పథకం ప్రకటించింది. సైనికుడికి ఐదు రోజుల టికెట్ ఉచితం. వెంట వచ్చే ఐదుగురికి తలా 99 డాలర్లు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో యుద్ధాలు సాగుతున్న రోజులవి. ఆర్థిక మాంద్యంతో జనం ప్రయాణాలు మానుకుంటున్న రోజులూ అవే. అదే ఏడాది పుట్టినరోజు నాడు వచ్చిన ఎవరినైనా డిస్నీ ఉచితంగా లోపలికి పంపింది. కృతజ్ఞత ఎంత, ఖాళీ గదులు నింపుకునే ఉపాయం ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. బహుశా రెండూ నిజమే. మాంద్యం పోయింది, ఉచితమూ పోయింది. పథకం మాత్రం ఏటా కొనసాగుతూ వచ్చింది, ధర ఏటా కొంత పెరుగుతూ. నాలుగు రోజులు ఒక పార్కు నుంచి మరో పార్కుకు తిరగగలిగే సైనిక టికెట్ ఇటీవలి సంవత్సరాల్లో 350 డాలర్ల దాకా వచ్చింది, ఆపైకీ పోయింది. పెద్దలకూ పిల్లలకూ ఒకే ధర. నలుగురికి 1,400 డాలర్లు అనుకుంటే కొత్త జవాను నెల మూలవేతనంలో అయిదింట మూడు వంతులు. మామూలు పర్యాటకుడితో పోలిస్తే ఇది చవకే. రద్దీ రోజున రెండు టికెట్ల ఖరీదుకు నాలుగు రోజులు వస్తున్నాయి. 2009లో సెలవు పెట్టుకుని వచ్చిన జవానుతో పోలిస్తేనే గుండె కలుక్కుమంటుంది.

టికెట్ ఎక్కడ కొనాలన్నదీ తెలిసి ఉండాలి. స్థావరంలోని ప్రయాణ, టికెట్ కార్యాలయంలో గానీ షేడ్స్ ఆఫ్ గ్రీన్ కౌంటర్లో గానీ కొంటే అమ్మకపు పన్ను ఉండదు. పార్కు గేటు దగ్గర ఉంటుంది. ఒక సైనికుడి పేరు మీద ఆరు టికెట్ల వరకే. గేటు దగ్గర సైనికుడో, అతని భార్యో స్వయంగా గుర్తింపు కార్డు చూపించాలి. నేషనల్ గార్డ్, రిజర్వ్ దళాలు, పదవీ విరమణ చేసినవారు అర్హులు. నాలుగేళ్లు పనిచేసి ఫించను లేకుండా బయటికొచ్చిన మాజీ సైనికుడు, నూరు శాతం వైకల్యం ధ్రువీకరణ ఉంటే తప్ప, అర్హుడు కాడు. ఒకసారి యుద్ధానికి వెళ్లొచ్చి ఇప్పుడు లారీ నడుపుకుంటున్న మనిషికి ఈ గీత న్యాయంగా కనిపించకపోవచ్చు. షేడ్స్ ఆఫ్ గ్రీన్ మాత్రం 2018 నాటి చట్టం ప్రకారం 2020 జనవరి నుంచి విధి నిర్వహణ వల్ల వైకల్యం పొందిన మాజీ సైనికులకు, పర్పుల్ హార్ట్ పతకం అందుకున్నవారికి కూడా తలుపులు తెరిచింది.

క్రిస్మస్, కొత్త సంవత్సరం వంటి రోజుల్లో సైనిక టికెట్లు చెల్లకపోవడం మామూలు. అంటే పిల్లలకు బడి సెలవులుండే రోజుల్లో. యుద్ధ విధుల్లో ఉన్నవాడికి సెలవు దొరికేది బడి క్యాలెండర్ చూసి కాదు కాబట్టి ఈ లోటు కొందరికి లోటుగా తోచదు. 2003 సెప్టెంబర్‌లో ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో ఏడాది విధుల మీద ఉన్నవారికి మధ్యలో 15 రోజుల సెలవు ఇచ్చే పద్ధతి మొదలైంది. 2007లో విధుల గడువును 15 నెలలకు పెంచారు. సెలవు మాత్రం ఆ నిష్పత్తిలో పెరగలేదు. జార్జియాలోని ఫోర్ట్ స్టీవర్ట్ నుంచి డిస్నీ వరల్డ్‌కు కారులో సుమారు నాలుగు గంటలు. 2003లో బాగ్దాద్ దాకా దూసుకెళ్లిన మూడో పదాతి డివిజన్ స్థావరం అది. ఆ డివిజన్ 2005లో మళ్లీ వెళ్లింది, 2007లో మళ్లీ వెళ్లింది. పక్షం రోజుల సెలవులో అమ్మానాన్నలకు కొన్ని రోజులు, అత్తమామలకు కొన్ని, ఇంటి మరమ్మతులకు కొన్ని పోగా మిగిలే మూడు నాలుగు రోజుల్లో, ఏడాదిగా తండ్రిని ఫోన్లోనే చూసిన పిల్లలకు ఎక్కడికి తీసుకెళ్లాలి? కారు దక్షిణానికి తిరిగేది అందుకే.

చరిత్రలో చిన్న విచిత్రం ఉంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత జనం విమానాలెక్కడానికి జంకుతుంటే, అదే నెల 27న షికాగో ఒహేర్ విమానాశ్రయంలో మాట్లాడుతూ అధ్యక్షుడు జార్జ్ బుష్ ప్రజలకు భయపడొద్దని, కుటుంబాలను తీసుకుని ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్లమని చెప్పారు. పది రోజులకు అఫ్ఘానిస్తాన్‌పై బాంబుల వర్షం మొదలైంది. ప్రజలకు చెప్పిన పని విహారం, సైన్యానికి చెప్పిన పని యుద్ధం. మరి సైనికుల కుటుంబాలకు? విస్తరణ పనుల కోసం 2002 మార్చిలో షేడ్స్ ఆఫ్ గ్రీన్‌నే మూసేశారు. ఆ రెండేళ్లూ డిస్నీ వారి కాంటెంపరరీ హోటల్లో సైనిక కుటుంబాలకు గదులిచ్చారు. 2004 మార్చిలో తిరిగి తెరిచేసరికి 288 గదులు 586 అయ్యాయి. ఇరాక్ యుద్ధానికి అప్పటికి సరిగ్గా ఏడాది నిండింది.

డబ్బు పొదుపుకు పార్కు లోపల మార్గాలు లేకపోలేదు. డిస్నీ బయటి తిండిని అడ్డుకోదు. గాజు సీసాలు, మద్యం తప్ప ఏదైనా సంచిలో వేసుకెళ్లొచ్చు. రొట్టె ముక్కల మధ్య వేరుశనగ వెన్న రాసిన శాండ్‌విచ్‌లు, ఆపిల్ పళ్లు, చిప్స్ పొట్లాలు ఇక్కడి సైనిక ఇల్లాలి పులిహోర పొట్లాం. ఫలహారశాలల్లో అడిగితే ఐసు వేసిన మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు. ఫ్లోరిడా ఎండలో అది చిన్న ఆదా కాదు. లోపల కొనుక్కుంటే నలుగురి మధ్యాహ్న భోజనానికి 60 డాలర్లు ఇట్టే దాటిపోతాయి. సొంత కారులో వెళ్తే పార్కింగుకు రోజుకు 30 డాలర్లకు తక్కువ కాదు. అందుకే షేడ్స్ ఆఫ్ గ్రీన్ తన సొంత బస్సులు నడుపుతుంది. కాస్త నడవగలిగితే పది పదిహేను నిమిషాల్లో రేవుకు చేరి, మోనోరైలో పడవో ఎక్కి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో దిగొచ్చు. డిస్నీ హోటళ్లలో దిగినవారిలాగే ఇక్కడివారికీ తెల్లారి అరగంట ముందు లోపలికి వెళ్లే వీలుంది. ఆ అరగంట విలువ తెలియాలంటే 2021కి ముందు, తర్వాత వచ్చి ఉండాలి. అంతకు ముందు వరుసలో నిలబడకుండా ఆట ఎక్కే ఫాస్ట్‌పాస్ ఉచితం. ఆ ఏడాది దాన్ని ఎత్తేసి, డబ్బు కట్టినవాడికే ఆ సౌకర్యం అన్నారు. కట్టనివాడు వరుసలోనే. వరుసలో హోదాలుండవు. సైన్యంలో చేరిన ఎవరికైనా ముందుగా వంటబట్టే విద్య వరుసలో నిలబడటమే కాబట్టి కొత్తేమీ కాదు.

డిస్నీ ఒక్కటే ఇక్కడ లేదు. ఓర్లాండోలోనే సీ వరల్డ్ 2005 నుంచి విధుల్లో ఉన్న సైనికుడికి, అతని మీద ఆధారపడిన ముగ్గురికి ఏడాదికి ఒకసారి ఉచిత ప్రవేశం ఇస్తోంది. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ సెల్యూట్ ఉచితం నుంచి రాయితీకి దిగింది, ఇది ఉచితంగానే నిలిచింది. చేతిలో డబ్బు నిజంగా లేని కుటుంబాలకు మొదటి గమ్యం కావలసింది ఇదే. అయితే ఏడేళ్ల పిల్లకు సముద్ర సింహాలు ఎంత ముద్దొచ్చినా సిండరెల్లా కోటకు సాటి రావు. ఈ సంగతి టికెట్ ధర నిర్ణయించేవారికీ తెలుసు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్లే పడవల్లో రెండింటి పేర్లు గమనించదగినవి. ఒకటి జనరల్ జో పాటర్. రెండోది అడ్మిరల్ జో ఫౌలర్. ఇవి కార్టూన్ పాత్రలు కావు. పాటర్ సైన్యంలో ఇంజనీరు, మేజర్ జనరల్, పనామా కాలువ మండలానికి గవర్నర్‌గా పనిచేసినవాడు. ఈ ప్రాంతం ఒకప్పుడు చిత్తడి నేల. కాలువలు తవ్వి నీటిని మళ్లించి నేలను నిలబెట్టింది ఆయనే. ఫౌలర్ నౌకాదళం నుంచి విరమించిన రియర్ అడ్మిరల్. కాలిఫోర్నియాలో మొదటి డిస్నీలాండ్ నిర్మాణాన్నీ, తర్వాత ఇక్కడి పనులనూ పర్యవేక్షించాడు. సైన్యం డిస్నీ ఆవరణలో విడిది కట్టుకోవడం కొత్త కావచ్చు గానీ, ఆ ఆవరణను నివాసయోగ్యం చేసింది సైన్యంలో పనిచేసి వచ్చినవారే. పడవ ఎక్కే జవాన్లలో ఎందరు ఆ పేర్లు చదువుతారన్నది వేరే సంగతి. వాళ్ల చూపు కోట మీదుంటుంది, లేదా తప్పిపోబోతున్న పిల్లవాడి మీద.

సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో మ్యాజిక్ కింగ్‌డమ్ ముంగిట జాతీయ పతాకాన్ని దించే కార్యక్రమం జరుగుతుంది. బ్యాండు వాయిస్తుంది. ఆ రోజు పార్కుకు వచ్చిన సైనికుల్లో, మాజీ సైనికుల్లో ఒకరిని పిలిచి గౌరవిస్తారు. ఐస్‌క్రీం తింటున్నవాళ్లు ఆగిపోతారు, టోపీలు తీస్తారు. టికెట్ ధర గురించి ఎంత సణిగినవాడైనా ఆ కాసేపు గట్టిగా నిలబడతాడు. దీన్ని కేవలం వ్యాపార ప్రదర్శన అని తీసిపారేయడం సులువు. కానీ రెండు మూడేళ్లకోసారి బదిలీలతో ఊరూ బడీ మారే పిల్లలకు, తండ్రి చేసే ఉద్యోగాన్ని తమకు పరిచయం లేని జనం నిలబడి గౌరవించడం రోజూ చూసే దృశ్యం కాదు.

చీకటి పడితే కోట మీద బాణసంచా. డిస్నీ వరల్డ్‌కు వచ్చేవారిలో చాలామంది దానికోసమే ఎదురు చూస్తారు. యుద్ధం నుంచి వచ్చినవారిలో కొందరు మాత్రం దానికే భయపడతారు. పేలుడు శబ్దం వింటే ఒళ్లు బిగుసుకుపోయే స్థితి ఇరాక్, అఫ్ఘానిస్తాన్ అనుభవజ్ఞుల్లో అరుదు కాదు. షేడ్స్ ఆఫ్ గ్రీన్ కోటకు దగ్గరే కాబట్టి గదిలో ఉన్నా శబ్దం వినబడుతుంది. అలాంటి కుటుంబాలకు డిస్నీ వరల్డ్‌లో ఒక పార్కు నయం. 1998లో తెరిచిన యానిమల్ కింగ్‌డమ్‌లో జంతువులు బెదురుతాయని రాత్రిపూట బాణసంచా కాల్చరు. జిరాఫీల మధ్య ట్రక్కు మీద తిరిగి, పిల్లలతో పాటు ఏనుగుల్ని చూసి, పొద్దు వాలేవేళకు బస్సెక్కి వచ్చేయొచ్చు. అది మిగతా పార్కుల కన్నా ముందే మూసేస్తారు. సామాను సర్దుకోవడానికి సమయం మిగులుతుంది. ఫ్రిజ్‌లోని మిగిలిన పాలు తాగించి, దుకాణంలో దారి ఖర్చుకు నాలుగు పొట్లాలు కొని, ఇంటర్‌స్టేట్ 95 ఎక్కితే అర్ధరాత్రికి ఫోర్ట్ స్టీవర్ట్. తెల్లవారి ఆరున్నరకు వరుసలో నిలబడి హాజరు చెప్పాలి.